బూడిద రంగు బొత్తాం

ఆ ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ గురించి చెప్పుకునే కథల్లో సగం అబద్ధాలు, మిగతా సగం పచ్చి అబద్ధాలు. ఒకసారి బస్సులో ముందు సీటాయన మెడ మీద పుట్టుమచ్చ చూసి, కండక్టరు చేతిలో విజిల్ లాక్కుని తనే ఊది, బస్సును తిన్నగా ఆపరేషన్ గది గుమ్మం ముందు ఆపించిందట. ఇంకోసారి గోడ మీది ఈగను ఇంత దూరం నుంచి చూసి, "పాపం, దీనికి ఎడమకన్ను సరిగ్గా ఆనడం లేదు" అందట. ఈ కథలన్నీ పుట్టించింది ఆవిడ తమ్ముడే. ఆవిడ ఉండే వాటా కిందే అతని గడియారాల దుకాణం. రిపేరుకొచ్చిన ప్రతి గడియారంతో పాటు ఒక కథ కూడా కట్టి పంపేవాడు.

నిజం మాత్రం ఇంత. ఒంటి మీద నుంచి కోసిన ముక్కను మైనంలో పోసి, ఉల్లిపొర కన్నా పలచగా తరిగి, గాజు పలక మీద అంటించి, గులాబీ రంగూ ఊదా రంగూ అద్ది ఆవిడ ముందు పెడతారు. అది మంచిదా, క్యాన్సరా అన్నది ఆవిడ చెప్పాలి. చాలావాటికి అట్టే ఆలోచించాల్సిన పని ఉండదు. మంచివి మంచివాటిలాగే ఉంటాయి, చెడ్డవి ఒళ్ళంతా చెడ్డతనం పూసుకుని వస్తాయి. చిక్కంతా నల్ల మచ్చలతోనే. వాటిలో కొన్ని అద్దె ఇంట్లోకి కొత్తగా దిగినవాళ్ళలా ఉంటాయి. చూస్తే మర్యాదస్తుల్లాగే కనిపిస్తారు. నాలుగు రోజులు పోయాక గోడ పగలగొట్టి పక్కింట్లోకి దూరేది వీళ్ళా, జీవితాంతం నోరెత్తకుండా పడి ఉండేది వీళ్ళా అన్నది ముఖం చూసి చెప్పాలి. అదీ ఆవిడ ఉద్యోగం.

అలాంటి స్లైడు వచ్చినప్పుడు ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. కిటికీ పక్క బల్ల మీద ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే స్లైడు చూడగలిగే రెండు తలల మైక్రోస్కోపు ఉంటుంది. ఒక వైపు పెద్ద డాక్టరమ్మ, రెండో వైపు ఆవిడ దగ్గరే చదువుకుని ఆవిడ పక్కనే ఉద్యోగంలో చేరిన చిన్న డాక్టరు. చూస్తున్నంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదు. ముందు మాట్లాడినవాడి మాట రెండోవాడి కంట్లో నలుసులా పడుతుంది, ఆ తర్వాత అతను చూసేది స్లైడును కాదు, నలుసును. అందుకని పక్కనే ఒక బిస్కెట్ల డబ్బా, అందులో బొత్తాలు. తెల్లది అంటే మంచిది. నల్లది అంటే క్యాన్సరు. ఎవరి బొత్తాం వాళ్ళు బోర్లించిన స్టీలు గ్లాసు కింద పెట్టి, రెండు గ్లాసులూ ఒకేసారి ఎత్తాలి. రంగు కలిస్తే రిపోర్టు రాస్తారు. కలవకపోతే మళ్ళీ చూస్తారు.

డబ్బా అడుగున ఇంకో బొత్తాం కూడా ఉండేది. బూడిద రంగుది, ఏదో కోటు నుంచి ఊడినది. ఈ పద్ధతి పెట్టిన పాత ప్రొఫెసరు గారు "ఇదీ ఉండనివ్వండి" అని వేసి వెళ్ళిపోయారు. తెలియదు అని దానర్థం. ఆయన వెళ్ళాక దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు. అది వెయ్యడమంటే బట్టల్లేకుండా వరండాలోకి రావడంలా ఉండేది ఇద్దరికీ.

"మేడమ్, దీన్ని మ్యూజియానికి ఇచ్చేద్దామా?" అనేవాడు చిన్న డాక్టరు, డబ్బా దులిపినప్పుడల్లా.

"ముందు నిన్ను ఇచ్చేస్తా. దాని పక్కన నిలబడుదువు గాని" అనేది ఆవిడ.

తమ్ముడి బొటనవేలు సంగతి మొదట కనిపెట్టింది మరదలు. గడియారాలు బాగుచేసేవాళ్ళు వేళ్ళ తడి చక్రాలకు అంటకుండా వేలి కొసకు పలచటి రబ్బరు తొడుగు వేసుకుంటారు. దుకాణంలో సరే, ఇతను అన్నం తినేటప్పుడు కూడా కుడి బొటనవేలికి తొడుగు తియ్యడం మానేశాడు.

"వదినా, మీ తమ్ముడు అన్నాన్ని కూడా రిపేరు చేస్తున్నారు చూడండి" అంది మరదలు.

నవ్వుతూనే అంది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "తియ్యరా అది" అంది.

"చిన్న గాటు అక్కా."

"తియ్యమన్నానా?"

తీశాడు. బొటనవేలి మెత్తటి కండ మీద, సరిగ్గా చిన్న చక్రాలు పట్టే పట్టకారు ఆనే చోట, నల్లటి మచ్చ. అంచులు సిరా చుక్క నీళ్ళలో పడి విచ్చుకున్నట్టు ఎగుడుదిగుడుగా ఉన్నాయి.  ఆవిడ ముఖం కదలనివ్వలేదు. ముప్పై ఏళ్ళుగా ముఖం కదలకుండా చూడటమే ఆవిడ పని.

"ఏముందిలే అక్కా, పుట్టుమచ్చ. చిన్నప్పటి నుంచీ ఉన్నదేగా."

"చిన్నప్పుడు ఆవగింజంత ఉండేది."

"నేనూ పెరిగాను కదా మరి. అదొక్కటీ అలాగే ఉండిపోతే దానికి అవమానం కాదూ?"

మర్నాడు చెవి పట్టుకుని తీసుకెళ్ళినంత పని చేసి సర్జన్ దగ్గర కూర్చోబెట్టింది. సర్జన్ మంచివాడు, కానీ మాటలు కూడా కత్తితోనే కోస్తాడు. "మచ్చ వరకు తీసి పంపిస్తాను. మీ గదిలోంచి తెల్లదని వస్తే ఇంటికి. నల్లదని వస్తే వేలు కణుపు దాకా తీసేస్తాను. చర్మంలోని నలుపు ఎముక దాకా దిగకముందే" అన్నాడు.

తమ్ముడు తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకున్నాడు. "కణుపు లేకపోతే పట్టకారు ఎలా పట్టుకోను డాక్టర్ గారూ? గోడ గడియారాలు మాత్రమే బాగుచేస్తానని బోర్డు మార్చుకోవాలేమో!" అని నవ్వాడు. ఆ నవ్వు గది సగం దాకా వెళ్ళి ఆగిపోయింది.

సొంతవాళ్ళ స్లైడు చూడకూడదన్నది వాళ్ళ వృత్తిలో చెప్పని నియమం. కానీ ఆ గదిలో ఉన్నదే ఇద్దరు. "నువ్వే చూడు నాయనా, నేను బయట కూర్చుంటాను" అంది డాక్టరమ్మ. చిన్న డాక్టరు స్లైడు పెట్టి, కన్ను ఆనించి, చాలాసేపటికి తలెత్తాడు. లేచి గుమ్మం దాకా వచ్చాడు.

"మేడమ్, ఒక్కడినే చెప్పలేను. మీరు నాకు ఎదురుగా లేకపోతే నేను ఎడమకన్నుతో చూస్తున్నానో కుడికన్నుతో చూస్తున్నానో కూడా తెలియదు. దయచేసి రండి."

వెళ్ళి కూర్చుంది. మొదట కనిపించింది మసి. పొయ్యి మీంచి దింపిన కుండ అడుగులా అంతా నల్లరంగు. కణం గుణం తెలియాలంటే దాని మధ్యనుండే గింజను చూడాలి, గింజలన్నీ ఆ నలుపులో మునిగిపోయాయి. రంగు తీసే మందులో ఇంకో పలకను నానబెట్టమని టెక్నీషియన్‌కు ఇచ్చారు. అది తేరేదాకా ఆవిడ మిగతా స్లైడులు ముందేసుకుంది. ఒక్కటీ బుర్రకెక్కలేదు.   

పలక తేరి వచ్చింది. మసి పోయింది. మసి వెనక ఉన్నది కనిపించింది.

పెద్ద పెద్ద కణాలు. ఒకదానిలా ఒకటి లేదు. ఉండాల్సిన అట్టడుగు వరుసలో కుదురుగా ఉండక, కొన్ని చర్మం పొరల్లోంచి పైకి ఎగబాకుతున్నాయి, మాస్టారు లేని క్లాసులో పిల్లలు బెంచీలెక్కినట్టు. ఇంకెవరి స్లైడైనా అయితే ఆవిడ చెయ్యి దానంతటదే నల్ల బొత్తాం వైపు వెళ్ళేది.

చిన్న డాక్టరు గ్లాసు బోర్లించాడు. ఆవిడ డబ్బాలో చెయ్యి పెట్టింది. నల్లది వేళ్ళకు తగిలింది, వదిలేసింది. తెల్లది తగిలింది, అదీ వదిలేసింది. ఖాళీ గ్లాసు బోర్లించింది.

ఎత్తారు. అతని గ్లాసు కింద నల్లది.

"మేడమ్, మీ గ్లాసు కింద ఏమీ లేదు."

"నాకూ కనిపిస్తోందిలే."

"సర్జన్ గారు సాయంత్రానికి కావాలన్నారు."

"ఆయన సాయంత్రాలు ఆయనవి. నన్ను ఇంకోసారి చూడనీ."

అతను టీ తాగే నెపంతో బయటికి వెళ్ళాడు. ఆవిడ ఒక్కతే మిగిలింది. భయంతో చూసే కన్ను భయానికి కావలసిందే చూస్తుంది. ఆవిడకు ఆ సంగతి తెలుసు, తెలిసీ ఏమీ చెయ్యలేకపోతోంది. ఆ ఎగబాకే కణాల్లో తమ్ముడు కనిపిస్తున్నాడు, వేలు లేని తమ్ముడు, ఆ తర్వాత తమ్ముడే లేని దుకాణం. కళ్ళు మూసుకుంది. ఆ చీకట్లో కాన్వెంటులో డ్రాయింగు నేర్పిన ముసలి సిస్టర్ గొంతు వినిపించింది. చేతిలో స్కేలు పట్టుకుని, పిల్లలకు తలా ఒక ఆకూ భూతద్దమూ ఇచ్చి, "కనిపించింది గీయండి, అనుకున్నది గీయకండి" అనేది. అక్క ఈనెతో సహా గీసింది. తమ్ముడు తన ఆకుకు కళ్ళూ మీసాలూ పెట్టి స్కేలు దెబ్బలు తిన్నాడు.

ఆవిడ పెన్సిలు తీసుకుని గీయడం మొదలుపెట్టింది. పై పొర. ఎగబాకే కణాలు. వాటి కింద, ఇదేమిటి? వాటి కింద పాలిపోయిన ఒక చార. చర్మం కింద నారలు మామూలుగా చిక్కుపడిన ఊలులా అడ్డదిడ్డంగా ఉంటాయి. ఇక్కడ మాత్రం దువ్వినట్టు ఒకే వైపుకు ఉన్నాయి. పొద్దుట్నుంచీ పైనున్న అల్లరినే చూస్తూ కింద ఉన్న దీన్ని వదిలేశారు ఇద్దరూ.

చిన్న డాక్టరు తిరిగి రాగానే మైక్రోస్కోపులో బాణం ఆ చార మీద పెట్టి, ఏమీ చెప్పకుండా, "ఇదేంటి?" అంది. నిజంగానే ఉందో, తన ఆశే గీసిన బొమ్మో తేల్చుకోవాలంటే అంతకన్నా దారి లేదు. 

"గాయం మానిన మచ్చ మేడమ్. పాతదే" అన్నాడు. తర్వాత తల గోక్కున్నాడు. "అంటే ముందెప్పుడో ఇక్కడ ఎవరో కోశారు. సర్జన్ గారు చెప్పలేదే?"

"ఆయనకు ఎవరైనా చెబితే కదా" అంటూ లేచింది ఆవిడ.

సగం కోసి వదిలేసిన మామూలు పుట్టుమచ్చ మళ్ళీ మొలిచిందంటే అచ్చం క్యాన్సరు వేషం వేసుకునే మొలుస్తుంది. ఈ పనిలో అంతకన్నా పెద్ద మోసం లేదు. కోసిన సంగతి తెలియక వేళ్ళూ చెవులూ తీయించినవాళ్ళున్నారు. అలాగని గాయపు మచ్చ కనిపించగానే తెల్లదని రాసేసి మనిషినే పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

దుకాణంలో తమ్ముడు కట్టు కట్టిన చేత్తోనే కూర్చుని ఉన్నాడు. గోడ నిండా గడియారాలు, ఒక్కోటీ ఒక్కో టైము చూపిస్తూ. మరదలు స్టూలు మీద కూర్చుని రసీదులు సర్దుతోంది.

"రా అక్కా. ఏమంటోంది నా వేలు?"

"వేలు నిజమే చెబుతోంది. నువ్వే చెప్పడం లేదు. దాన్ని ముందెవరు కోశారు?"

"ఎవరు కోస్తారు? నా వేలు నేను కోసుకుంటానా? పిచ్చా?"

"నేను 'ఎవరు' అన్నాను. 'నువ్వు' అనలేదు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఇంతలో ఒక గోడ గడియారం గంట కొట్టడం మొదలుపెట్టి, ఎంతకీ ఆపలేదు. అది రిపేరుకు వచ్చిందే అందుకు.

"చెప్పండి మీ అక్కయ్యకి" అంది మరదలు. "చెప్పకపోతే నేను చెబుతా. ఆ రోజు సింకు నిండా రక్తం ఏమిటంటే టమాటా అన్నారు."

"అదీ..." అన్నాడు తమ్ముడు. "మచ్చ కొంచెం ఉబ్బింది అక్కా. పట్టకారు జారేది. చిన్న స్క్రూ ఒకటి ఎగిరిపోతే వెతకడానికి పూటంతా పట్టేది. అందుకని... తుప్పు గీకే బ్లేడుతో గీకేశాను. సూది కాల్చి అంటించాను కూడా. చక్కగా మానింది. నీకు చెబితే తిడతావని..."

"తిట్టను" అంది ఆవిడ. ఆ గొంతు విని అతను ఇంకా భయపడ్డాడు. "ఆ గీకిన ముక్క ఏది?"

"ఏ ముక్క?"

"గీకితే ఊడింది కదరా, నల్లటి ముక్క. దాన్ని ఏం చేశావు? ఎండిపోయినా ఫర్వాలేదు. ఏ డబ్బాలోనైనా, ఏ గుడ్డలోనైనా..."

తమ్ముడు బల్ల మీదున్న రబ్బరు బుడ్డి వైపు చూశాడు. గడియారాల్లో దుమ్ము ఊదడానికి వాడేది అది.

"ఊదేశాను" అన్నాడు.

ఆవిడ పక్కనున్న ఇంకో స్టూలు మీద కూలబడింది. మొదట ఉన్నది మామూలు పుట్టుమచ్చే అయితే ఇప్పటి అల్లరంతా వేషమే. మొదట ఉన్నదే క్యాన్సరైతే ఇది దాని రెండో రాక. తేల్చి చెప్పగల ఒకే ఒక్క సాక్షిని తన తమ్ముడు బుస్సుమని ఊదేశాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"అక్కా, ఇంతకీ మంచిదా, చెడ్డదా?"

"రేపు చెబుతా" అంది. మెట్లెక్కి తన వాటాలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మళ్ళీ మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. చిన్న డాక్టరుకు సంగతంతా చెప్పింది. అతని ముఖం వెలిగిపోయింది. ఈసారి స్లైడును ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్ళారు. గాయపు చార కింద చిన్న చిన్న కణాలు గుంపుగా, బుద్ధిగా నిద్రపోతున్నాయి. పాత పుట్టుమచ్చ వేర్లవి. ఆవిడ గుండె తేలికపడింది. అల్లరి కణాలన్నీ చారకు సరిగ్గా పైనే ఉన్నాయి, గీసిన గీత దాటకుండా. ఇంకా తేలికపడింది. అలా జరుపుతూ జరుపుతూ కుడి చివరకు వచ్చేసరికి, చార అయిపోయాక కూడా, ఆ అల్లరి కణాల్లో ముగ్గురో నలుగురో గోడ దాటి అవతల నిలబడి ఉన్నారు.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

వాళ్ళు దారి తప్పిన అమాయకులా, ముందుగా వచ్చిన దొంగలా? ఎంతసేపు చూసినా ముఖాలు తిప్పలేదు. గ్లాసులు బోర్లించే వేళ అయింది. తెల్లది వేస్తే ఈ క్షణమే హాయి. దుకాణానికి పరుగెత్తి తమ్ముడి నెత్తిన మొట్టికాయ వేసి నవ్వొచ్చు. నల్లది వేస్తే ఉద్యోగానికి క్షేమం. వేలు తీయించిన డాక్టరును ఎవరూ నిలదీయరు, ప్రాణం మిగిలిందని దండం పెడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆవిడ వేళ్ళు డబ్బా అడుగుదాకా వెళ్ళాయి.

గ్లాసులు ఎత్తారు. అతనిది తెల్లది. ఆవిడది బూడిద రంగుది.

"మేడమ్!" అన్నాడు, నిజంగానే బట్టల్లేకుండా చూసినట్టు.

"నిన్న నల్లది వేశావు, ఇవాళ తెల్లది. మధ్యలో స్లైడేమైనా మారిందా?"

"కథ తెలిసింది కదండీ."

"కథ తెలిసింది. కథలో మొదటి పేజీని మావాడు ఊదేశాడు. ఆ చివరనున్న నలుగురికీ నీ కథలో చోటుందా? ఉంటే చెప్పు, నేనూ తెల్లదే వేస్తా. నా అంత ఆశ నీకుండదు."

అతను మళ్ళీ కన్ను ఆనించాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తన తెల్ల బొత్తాం తీసి డబ్బాలో వేసేశాడు. బూడిద రంగుది ఒక్కటే ఉంది కాబట్టి ఆవిడ బొత్తాం మీదే తన వేలు కూడా ఆనించాడు.

సర్జన్ ఫోనులో అరిచాడు. "తెలియదంటే ఏం చెయ్యను? సగం వేలు తియ్యనా?"

"ఎముక జోలికి వెళ్ళకండి. మచ్చ ఉన్న చోటు చుట్టూ ఇంకొంచెం వెడల్పుగా చర్మం తీసి పంపండి, చేతి మీద చర్మం తెచ్చి అతికించండి. అంచులు నేను చూస్తాను. ఆ తర్వాత కూడా చూస్తూనే ఉంటాను."

"అది చాలకపోతే?"

 "చాలకపోతే ఆ మాట మొదట చెప్పాల్సింది నేనే" అంది ఆవిడ.

తమ్ముడికి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. అక్క తిడుతుందని సిద్ధపడి కూర్చున్నాడు, తిట్లు రాలేదు. "నాకు తెలియదురా" అంది ఆవిడ. "వేలు తీయించుకుంటే భయం తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఉంచుకుంటే చూసుకుంటూ ఉండాలి. నేనైతే ఉంచుతాను. కానీ నేను అక్కను, నా మాటను కొంచెం తగ్గించి విను."

అక్క నోట తెలియదన్న మాట అతను పుట్టి బుద్ధెరిగి విన్నది లేదు. కందిపోయిన ముఖంతో భార్య వైపు చూశాడు. "ఈగ కన్ను సంగతి కూడా తెలిసిన మనిషి..." అని ఆగిపోయాడు. ఆ కథ పుట్టించింది తనే అని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, "ఉంచుదాం అక్కా" అన్నాడు. ఆ పూట మరి జోకు వెయ్యలేదు.

రెండోసారి తీసిన చర్మం అంచుల్లో ఆవిడకు ఎవరూ కనిపించలేదు. చిన్న డాక్టరుకూ కనిపించలేదు. ఇద్దరి గ్లాసుల కిందా తెల్ల బొత్తాలే. అవి అంచుల గురించి మాత్రమేనని ఇద్దరికీ తెలుసు. బూడిద బొత్తాం డబ్బా అడుక్కి పోలేదు, తెల్లవీ నల్లవీ పక్కన పైనే ఉండిపోయింది.

ఇప్పుడు తమ్ముడు రబ్బరు తొడుగు ఎడమచేతికే వేసుకుంటాడు. కుడి బొటనవేలు అతుకు పడ్డ బొమ్మ వేలులా ఉన్నా పట్టకారు పట్టుకుంటుంది, కొంచెం వంకరగా. బస్సు కథలో ఇప్పుడు బస్సు బదులు రైలు వచ్చింది. కానీ ప్రతి నెలా ఒక ఆదివారం పొద్దున్న దుకాణం షట్టరు సగం దించి, దీపం దగ్గరికి లాగి, ఆ వేలిని బల్ల మీద పెడతాడు. అక్క వచ్చి గడియారాలు చూసే అతని కంటి అద్దమే తన కంటికి తగిలించుకుని, వంగి, అతుకు చుట్టూ చూడటం మొదలుపెడుతుంది. గోడ మీద గడియారాలన్నీ కొట్టుకుంటూ ఉంటాయి. మరదలు కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోతుంది, లోపలికి రాదు. ఊళ్ళో అందరికీ కథలు చెప్పే మనిషి అప్పుడు ఒక్క మాట మాట్లాడడు. అక్క నుదుటి వైపు మాత్రమే చూస్తాడు. అది కదలదు. ముప్పై ఏళ్ళ అలవాటు.

కదలకపోతే అంతా బాగున్నట్టా, కాదా అన్నది అతనికి ఎప్పటికీ అంతుబట్టదు. ఆవిడ తలెత్తి "ఊఁ, వచ్చే నెల" అనేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉంటాడు.